పార్కింగ్‌లో ఉన్న కారుకు కిలోమీటరుకు 61 రూపాయలు

ప్రశ్న: నా వయసు 37. హైదరాబాద్‌లో ఉద్యోగం, నెలకు 1.12 లక్షలు చేతికి వస్తుంది. ఇంటి రుణం వాయిదా 36,000, ఇంటి ఖర్చులు, పిల్లల ఫీజులు కలిపి 54,000. మిగిలే 22,000 ఎటు పోతోందో అర్థం కావడం లేదు. క్రెడిట్ కార్డు బకాయి 1.4 లక్షలకు చేరింది. రోజూ వాడే చిన్న పెట్రోల్ కారు కాక ఎనిమిదేళ్ల డీజిల్ ఎస్‌యూవీ, నేను ఆఫీసుకు వెళ్లే 350 సీసీ బుల్లెట్, నాలుగడుగుల అక్వేరియం, రెండు లెన్సులతో కెమెరా ఉన్నాయి. ఖమ్మం దగ్గర మా ఊరికి ఏడాదికి నాలుగుసార్లు వెళ్లడానికే ఎస్‌యూవీ తీస్తాం. దానికి బీమా ఆపేసి పార్కింగ్‌లో ఉంచుదామనుకుంటున్నా. అక్వేరియం ఫిల్టరు నెలనెలా కుళాయి కింద శుభ్రంగా కడుగుతున్నా చేపలు చనిపోతూనే ఉన్నాయి. ఇవన్నీ వదులుకోవాల్సిందేనా? బిల్లులు జతచేస్తున్నా.

జవాబు: అన్నీ వదులుకోనక్కర్లేదు. ఎస్‌యూవీని మాత్రం అమ్మేయండి, అదీ ఈ నెలలోనే.

గుర్రాన్ని కొన్న డబ్బు ఒక్కసారే ఇస్తాం. దాణా మాత్రం ఎక్కినా, కట్టేసినా రోజూ వేయాల్సిందే. మీ ఎస్‌యూవీ ఏడాదికి తినే దాణా ఇదీ: బీమా 18,400, ఏడాదికోసారి సర్వీసు 12,000, అపార్ట్‌మెంట్‌లో రెండో పార్కింగ్ అద్దె 12,000. తిరగకపోయినా టైర్లు ఐదారేళ్లకు గట్టిపడి పగుళ్లిస్తాయి, కాబట్టి నాలుగు టైర్ల 32,000ను ఐదేళ్లకు పంచితే ఏటా 6,400. వారాల తరబడి స్టార్ట్ చేయని బండిలో బ్యాటరీ తొందరగా పోతుంది, దానికి ఏటా 2,000. మొత్తం 50,800. ఇప్పుడు 4.5 లక్షలు పలికే బండి వచ్చే ఏడాదికి పది శాతం తగ్గిందనుకుంటే ఇంకో 45,000. దీనికి 150 లీటర్ల డీజిల్, అంటే 14,250 కలపండి. మీరు తిరిగే 1,800 కిలోమీటర్లతో భాగిస్తే కిలోమీటరుకు 61 రూపాయలు పడుతోంది.

మీరు నలుగురే ఊరెళ్తే చిన్న కారు సరిపోతుంది. అమ్మానాన్నలతో కలిసి ఆరుగురు వెళ్లే రెండు ట్రిప్పులకు డ్రైవరుతో సహా పెద్ద కారు అద్దెకు తీసుకోండి. ట్రావెల్స్ వాళ్లు చాలామంది తక్కువ తిరిగినా రోజుకు 300 కిలోమీటర్లకు డబ్బు తీసుకుంటారు, ముందే అడగండి. కిలోమీటరు 22 రూపాయలనుకున్నా నాలుగు రోజులకు 26,400, డ్రైవరు బత్తా 2,000. సొంత బండికి డీజిల్‌తో కలిపి చేతి నుంచి పోతున్నది ఏటా 65,050.

అంతకన్నా పెద్ద నష్టం ఇంకోటుంది. 4.5 లక్షలు బండిలో ఇరుక్కుని ఉండగా కార్డుకు నెలకు 3.5 శాతం చొప్పున 4,900 వడ్డీ, ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ 882, మొత్తం 5,782 కడుతున్నారు. పాత బకాయి ఉన్నంతకాలం కొత్తగా గీకిన ప్రతి రూపాయికీ ఆ రోజు నుంచే వడ్డీ పడుతుంది. బిల్లు కట్టే తేదీ దాకా వడ్డీలేని గడువు ఉండదు.

ఇప్పుడు మీ 22,000 వెతుకుదాం. ఎస్‌యూవీకి నెలకు 5,400, కార్డు వడ్డీ 5,782, అక్వేరియం 3,500, రెండేళ్లలో బుల్లెట్ యాక్సెసరీలకు పెట్టిన 62,000ను నెలలకు పంచితే దాదాపు 2,580. పదిహేడు వేలు ఇక్కడే తేలాయి.

బీమా ఆపే ఆలోచన మానుకోండి. పాలసీ ముగిసిన 90 రోజుల్లోపు పునరుద్ధరించకపోతే మీకున్న 50 శాతం నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, పోతుంది. పార్కింగ్‌లోంచి పెట్రోల్ బంకు దాకా తీసినా థర్డ్ పార్టీ బీమా (ఎదుటివారికి జరిగే నష్టానికి చేసే బీమా) ఉండాల్సిందే. లేకుండా పట్టుబడితే మొదటిసారి 2,000, మళ్లీ పట్టుబడితే 4,000 జరిమానా. ఎవరికైనా తగిలితే పరిహారమంతా మీ నెత్తిన పడుతుంది.

అమ్మేటప్పుడు తొందరపడి బ్రోకరుకు ఖాళీ ఫారాల మీద సంతకాలు పెట్టి తాళాలు ఇవ్వకండి. ఆర్సీలో పేరు మారేదాకా యజమాని మీరే, ప్రమాదం జరిగితే బాధ్యత ఆర్సీలో ఉన్నవారిదేనని సుప్రీంకోర్టు 2018లో తేల్చిచెప్పింది. ముందు పెండింగ్ చలాన్లు కట్టేయండి. ఆర్సీ మీద బ్యాంకు పేరు ఇంకా ఉంటే ఎన్‌ఓసీ (బ్యాంకు ఇచ్చే అభ్యంతరం లేదనే పత్రం), ఫారం 35తో తీయించండి. తర్వాత యాజమాన్యం మార్చే ఫారం 29, 30 మీద కొనేవారి పేరు, తేదీ రాశాకే సంతకం చేయండి. ఫాస్టాగ్ మూసేయండి. అమ్మిన రుజువు చూపి బీమా కంపెనీ నుంచి ఎన్‌సీబీ (నో క్లెయిమ్ బోనస్) లెటర్ తీసుకోండి, ఆ బోనస్ బండిది కాదు, మీది. మూడేళ్లలోపు మరో కారు కొంటే దానికి వాడుకోవచ్చు.

వచ్చిన 4.5 లక్షల్లో మొదట 1.4 లక్షలు కార్డుకు కట్టండి. 2.7 లక్షలు, అంటే మీ మూడు నెలల ఖర్చు, ఎఫ్‌డీలో వేసి దాన్ని ఆపద సొమ్ముగా ఉంచండి. మిగిలే 40,000 చిన్న కారు బీమాకు, జూన్‌లో కట్టే ఫీజులకు అట్టిపెట్టండి.

ఇక అక్వేరియం. దాన్ని తీసేయమని చెప్పను. పిల్లలు ఇష్టపడే వ్యాపకం, పైగా దాని అసలు ఖర్చు తక్కువే. నాలుగడుగుల తొట్టిలో సుమారు 255 లీటర్ల నీళ్లు పడతాయి. 25 వాట్ల ఫిల్టరు, 5 వాట్ల గాలి పంపు రోజంతా, 40 వాట్ల లైటు ఎనిమిది గంటలు నడిస్తే నెలకు 31 యూనిట్లు. మీ కరెంటు బిల్లు 300 యూనిట్లు దాటుతోంది కాబట్టి ఇవి 9 రూపాయల స్లాబులో పడతాయి, అయినా 280 రూపాయలే. చలికాలం రెండు నెలలు హీటరు వల్ల ఇంకో 650 దాకా పెరుగుతుంది, తొట్టిపై గాజు మూత పెడితే కొంత తగ్గుతుంది. మీ 3,500లో ఎక్కువ భాగం చచ్చిన చేపల స్థానంలో కొత్తవి కొనడానికే పోతోంది, దానికి కారణం మీ శుభ్రతే.

ఫిల్టరులోని స్పాంజి, సిరామిక్ రింగుల మీద పట్టే జిగురు మురికి కాదు. చేపల వ్యర్థాల నుంచి వచ్చే అమ్మోనియాను నైట్రైట్‌గా, ఆపై నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా అందులోనే ఉంటుంది. కుళాయి నీళ్లలోని క్లోరిన్ దాన్ని చంపేస్తుంది. అమ్మోనియా పేరుకుని, రెండు మూడు రోజులకు చేపలు నీటిపైకి వచ్చి నోరు తెరుస్తాయి, మీరు మళ్లీ దుకాణానికి పరుగెడతారు. ఇకనుంచి తొట్టి నీళ్లే ఒక బకెట్లో తీసుకుని స్పాంజిని అందులో రెండుసార్లు పిండి పెట్టేయండి. రింగులు మెరవాల్సిన పని లేదు. వారానికి పావు వంతు నీళ్లు మార్చండి, కొత్త నీళ్లలో క్లోరిన్ విరుగుడు చుక్కలు కలపండి. ఆరు వారాలు కొత్త చేప ఒక్కటీ కొనొద్దు. ఆ తర్వాత కొన్నా, రెండు మూడు వారాలు వేరే చిన్న తొట్టిలో ఉంచాకే కలపండి. ఇలా చేస్తే, హీటరు నడిచే చలికాలం తప్పిస్తే, మేత, కరెంటు, చుక్కలు అన్నీ కలిపి నెలకు వెయ్యి దాటదు.

బుల్లెట్ మీద రోజూ ఆఫీసుకు వెళ్తున్నారు, ఉంచుకోండి. 350 సీసీ లోపే కాబట్టి థర్డ్ పార్టీ ప్రీమియం కూడా 1,366 రూపాయలే, ఆపై జీఎస్టీ. యాక్సెసరీలే ఆపాలి. క్రాష్ గార్డులు, ఫాగ్ ల్యాంపులకు పెట్టిన డబ్బు అమ్మేటప్పుడు దాదాపు రాదు, పాలసీలో చూపించకపోతే వాటికి క్లెయిమూ రాదు. నో కాస్ట్ ఈఎంఐ అన్నా లొంగకండి. వడ్డీ మీద జీఎస్టీ, ప్రాసెసింగ్ ఫీజు మీ దగ్గరే తీసుకుంటారు. జీతం పడిన రోజే 4,000 వేరే పొదుపు ఖాతాలోకి పంపి, బుల్లెట్, చేపల ఖర్చు దాని యూపీఐ నుంచే చేయండి. అందులో అయిపోతే వచ్చే నెల దాకా ఆగాలి.

కెమెరా సంచిలోంచి తీసి ఏడాది దాటితే వానలు మొదలవ్వకముందే అమ్మేయండి. తేమ 60 శాతం దాటిన గదిలో మూసిన సంచిలో ఉన్న లెన్సుకు ఫంగస్ పడుతుంది. లోపల సాలెగూడులా తెల్లటి గీతలు కనిపించాక ధర సగం కూడా పలకదు. ఉంచుకోవాలనుకుంటే గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్‌తో పెట్టి, గింజలు రంగు మారినప్పుడల్లా వేడిచేసి ఆరబెట్టండి.