అల్లుడూ, ముందు ఆ రిజిస్ట్రేషన్ తలుపు మూసెయ్

అల్లుడూ,

రాత్రి నువ్వు పంపిన స్క్రీన్‌షాట్ చూశాను. ఒంగోలులో నీ దగ్గర చదివే పిల్లలు అటూఇటుగా వంద మంది, పాఠాలు, పరీక్షలు పెట్టుకునే నీ మూడుల్ సైట్‌లో ఖాతాలేమో నాలుగు వేలు. "మామయ్యా, ఎవరో హ్యాక్ చేశారు" అని ఒకటే టెన్షన్. హ్యాకూ లేదు, పాడూ లేదు. తలుపు నువ్వే బార్లా తీసిపెట్టావు. మూడుల్ కొత్తగా పెట్టినప్పుడు, ఎవరికి వాళ్ళు ఈమెయిల్ ఇచ్చి ఖాతా తెరుచుకునే సౌకర్యం ఆఫ్‌లోనే ఉంటుంది, మనం ఆన్ చేస్తేనే వస్తుంది. పిల్లల పేర్లు కూర్చుని ఎక్కించే ఓపిక లేక చేసుంటావు. కావలిలో ఉద్యోగం చేసేటప్పుడు నేనూ అదే చేశాలే.

ఈ ఉత్తరం తర్వాత చదువుదువు గానీ, ముందు అడ్మిన్‌లోకి పోయి ప్లగిన్స్, ఆథెంటికేషన్, మేనేజ్ ఆథెంటికేషన్ తెరువు. కిందికొస్తే సెల్ఫ్ రిజిస్ట్రేషన్ అని ఉంటుంది, డిజేబుల్ పెట్టి సేవ్ కొట్టు. ఆ పేజీలోనే పైన ఈమెయిల్ వరసలో కన్ను గుర్తు ఉంటుంది, దాని జోలికి మాత్రం పోవద్దు. అది మూశావంటే ఇదివరకు ఆ దారిన చేరిన నీ పిల్లలు కూడా లాగిన్ కాలేరు, పొద్దున్నే నీ ఫోన్ మోగిపోద్ది.

మూశావా? ఇప్పుడు ఆ దొంగ ఖాతాల్లో ఒకటి తెరిచి చూడు. పేరు దగ్గర నోరు తిరగని అక్షరాల గుత్తి, తన గురించి రాసుకునే చోట పేకాట సైటు లింకో, మందుల షాపు లింకో. వాళ్ళకు నీ ఫిజిక్స్ పాఠాలతో పనిలేదు. ఆ లింకు గూగుల్ కంట పడాలి, అంతే వాళ్ళ గోల. అందుకే మూడుల్ వాళ్ళు ఏదో ఒక కోర్సులో చేరినవాళ్ళు తమ గురించి రాసుకున్నదే కనపడేట్టు, లాగిన్ కాకుండా ఎవరూ ప్రొఫైల్ చూడకుండా సెట్టింగులు పెట్టారు. సెక్యూరిటీ పేజీలో ఆ రెండు టిక్కులూ ఉన్నాయో లేదో చూసుకో. ఉన్నా బాట్లు, అంటే వాటంతటవే ఖాతాలు తెరిచే ప్రోగ్రాములు, రావడం మానవనుకో. లింకు ఎవరికైనా కనపడుతోందా లేదా అని చూసుకునే తీరిక వాటికెక్కడిది!

క్యాప్చా, అదే మనిషో కాదో తేల్చే చిన్న పరీక్ష, పెడితే సరిపోదా అంటావు. పెట్టు, తప్పులేదు, గూగుల్ రీక్యాప్చా కీలు తెచ్చి అతికిస్తే పనిచేస్తుంది. చిల్లర బాట్లు ఆగుతాయి. కానీ డబ్బులు తీసుకుని క్యాప్చాలు నింపిపెట్టే మనుషులే ఉన్నారు, వాళ్ళనేం చేస్తావు? ఫలానా డొమైన్ (ఈమెయిల్‌లో @ తర్వాతి భాగం) ఈమెయిళ్ళే రానివ్వు అనే సెట్టింగు కూడా ఉంది, కాలేజీకి సొంత డొమైన్ ఉంటే అది బంగారం. నీ పిల్లలంతా జీమెయిల్, స్పామ్ చేసేవాళ్ళలో చాలామంది జీమెయిల్, ఇంక దాంతో నీకేం ఒరుగుతుంది? ఎన్‌రోల్‌మెంట్ కీ పెట్టాను కదా మామయ్యా అన్నావు నిన్న. అది కోర్సు గదికి తాళం రా, వీధి గుమ్మానికి కాదు. ఖాతాలు తెరుస్తూనే ఉంటారు.

ఇంకో నష్టం ఉంది, నువ్వు గమనించలేదు. దొంగ ఖాతా పడ్డ ప్రతిసారీ నీ సర్వర్ కన్ఫర్మేషన్ మెయిల్ పంపుతుంది. చాలా అడ్రసులు ఉత్తుత్తివి, తిరిగొస్తాయి. అట్లా తిరిగొచ్చేవి ఎక్కువైతే నీ మెయిళ్ళనే స్పామ్ కింద జమకడతారు, నిజం పిల్లాడు పాస్‌వర్డ్ మర్చిపోతే కొత్తది పెట్టుకునే మెయిల్ వాడికి చేరదు.

మరి పిల్లల్ని ఎట్లా ఎక్కించాలంటావా, ఫీజు కట్టేటప్పుడు ఆఫీసులో రాసుకునే రిజిస్టర్ ఉందిగా, దాన్నే ఎక్సెల్‌లో కొట్టించు. యూజర్‌నేమ్, పేరు, ఇంటిపేరు, ఈమెయిల్, చివర కోర్సు షార్ట్ నేమ్‌కి (మూడుల్‌లో కోర్సుకు పెట్టిన పొట్టి పేరు) ఒక కాలమ్. సీఎస్‌వీగా (కామాలతో విడదీసిన సాదా ఫైలు) సేవ్ చేసి అప్‌లోడ్ యూజర్స్‌లో వేస్తే ఖాతాలు తెరిచి కోర్సులో కూడా అదే చేరుస్తుంది. వంద మందికి ఒక పూట పని. మధ్యలో చేరేవాళ్ళు నెలకు ఐదారుగురు ఉంటారేమో, వాళ్ళను చేత్తో వేసుకో.

ఇక చెత్త ఎత్తడం. ఇక్కడ తొందరపడకు. నేను ఒకసారి అనుమానంగా ఉన్న ఈమెయిళ్ళన్నీ వరసగా టిక్ పెట్టి డిలీట్ కొట్టేశాను. అందులో ఒకటి మా దగ్గర చదివే ఆడపిల్లదే, వాళ్ళ అన్న సరదాగా పెట్టిన పిచ్చి పేరు మెయిల్. తెల్లారితే పరీక్ష, రాత్రి పదింటికి ఏడుస్తూ ఫోన్ చేసింది. డిలీట్ చేసిన ఖాతాను వెనక్కి తెచ్చే బటన్ మూడుల్‌లో లేదు, కొత్తది తెరిచిచ్చి తన పాత మార్కులన్నీ నేనే కూర్చుని చేత్తో ఎక్కించాను. వరిలో ఊద కలుపు చూశావుగా, నారప్పుడు ఏది ఏదో మన తాతకే అర్థమయ్యేది కాదు. అందుకని ముందు ఏ కోర్సులోనూ లేని, ఒక్కసారి కూడా లాగిన్ కాని ఖాతాలు ఏరు, రిజిస్టర్‌తో సరిచూసుకో, అనుమానం ఉన్నవాటిని సస్పెండ్ చేసి ఒక నెల ఆగు. ఎవరూ ఫోన్ చెయ్యకపోతే అప్పుడు తీసెయ్.

కన్ఫర్మ్ చెయ్యని ఖాతాలను మూడుల్ 168 గంటలకు, అంటే వారానికి, తనంతట తనే తీసేస్తుంది, సెట్టింగు నువ్వు మార్చకపోతే. నీ దగ్గర అవి నెలల తరబడి పడున్నాయంటే నా అనుమానం క్రాన్, అంటే సర్వర్‌లో వేళకు పనులు చేసిపెట్టే ప్రోగ్రాం, నడవడం లేదని. ఆదివారం కావలి వస్తున్నావుగా, ల్యాప్‌టాప్, హోస్టింగ్ పాస్‌వర్డ్ తెచ్చుకో, చూద్దాం. అత్త చేపల పులుసు ముందు రోజే చేసి పెడతానంది.

మీ మామయ్య