నగ ఆమె మెడలో ఉంటే తీర్పూ ఆమెకేనా?

కొత్తగా అమెరికా వచ్చిన అమ్మాయిలు వీసా, డ్రైవింగ్ లైసెన్సు గొడవలు అయ్యాక నన్ను ఎక్కువగా అడిగేది ఇదే. "అక్కా, శనివారం వాళ్ళింట్లో గృహప్రవేశం, ఏం కట్టుకుని రాను? ఎక్కువైతే ఏమనుకుంటారో, తక్కువైతే ఏమనుకుంటారో." వినడానికి చిన్న ప్రశ్నే గానీ, దాని వెనకున్న టెన్షన్ చిన్నది కాదు.

ఉన్నమాట చెప్తాను, ఎలాగూ అనుకుంటారు. వడ్డాణం పెట్టుకుంటే ఎచ్చులు పోతోంది అంటారు, సన్న గొలుసుతో వెళ్తే ఇద్దరూ సంపాదిస్తూ ఇంత పీనాసితనమా అంటారు, వన్ గ్రామ్ గోల్డ్ అయితే చేత్తో పట్టుకుని మరీ "ఒరిజినలేనా?" అని అడుగుతారు, పోయినసారి కట్టిన పట్టుచీరే మళ్ళీ కడితే అదీ గుర్తుపెట్టుకుంటారు. జీన్స్ వేసుకుంటే వచ్చి ఏడాది కాలేదు, అప్పుడే మారిపోయింది అని, చుడీదార్ వేసుకుంటే ఇన్నేళ్ళయినా మారలేదు అని. అందరికీ నచ్చే బట్ట కోసం వెతకడం మానేయండి, అలాంటిది ఏ షాపులోనూ లేదు.

నాకు కోపం తెప్పించేది ఇంకోటుంది. అదే ఫంక్షన్‌కి ఆమె భర్త కొత్త టెస్లాలో వస్తాడు, మగవాళ్ళంతా చుట్టూ చేరి రేంజ్ ఎంత, లోన్ వడ్డీ ఎంత అని ముచ్చటగా అడుగుతారు, "బాగా సెటిలయ్యాడు" అంటారు. ఆమె హారం పెట్టుకుంటే మాత్రం "షో". డబ్బు ఒకే ఇంటిది, ఖర్చు ఇద్దరూ కలిసి నిర్ణయించుకున్నదే, కారుకేమో మెచ్చుకోలు, నగకేమో విమర్శ. పైగా కారు షోరూమ్ దాటిన రోజే విలువ పడిపోతుంది, బంగారంలో తరుగు, మజూరీ పోయినా మిగతాది చేతిలో ఉంటుంది. ఈ లెక్క తెలిసినవాళ్ళు కూడా ఆడమనిషి దగ్గరికి వచ్చేసరికి మర్చిపోతారు.

హెచ్-4 మీద, అంటే హెచ్-1బి ఉద్యోగం చేసే భర్తతో పాటు ఇచ్చే వీసా మీద వచ్చినవాళ్ళకు ఇది ఇంకా బాధ. ఆ వీసా ఒక్కటే ఉంటే ఉద్యోగం చేయకూడదు. 2015 నుంచి కొందరికి వర్క్ పర్మిట్ ఇస్తున్నారు గానీ, దానికి సాధారణంగా భర్తకు ఐ-140 (గ్రీన్‌కార్డు కోసం కంపెనీ వేసే దరఖాస్తు) అప్రూవ్ అయి ఉండాలి. చదువుండి, ఊళ్ళో మంచి ఉద్యోగం వదులుకుని వచ్చిన పిల్లని పట్టుకుని "మొగుడి డబ్బుతో సోకులు" అంటే ఆ మాట ఎక్కడ తగులుతుందో అన్నవాళ్ళకి తెలీదు. చాలాసార్లు ఆ నగ పుట్టింటివాళ్ళు పెళ్ళిలో పెట్టింది. అది స్త్రీధనం, మన చట్టం ప్రకారం కూడా ఆమె సొంతం. పెట్టుకోవాలా, లాకర్లో పెట్టాలా అన్నది పూర్తిగా ఆమె ఇష్టం.

ఇక చేయాల్సినవి. పిలిచినవాళ్ళనే నేరుగా అడగండి, పూజ ఉందా, ఫోటోలు తీస్తారా, పెరట్లోనా లోపలా అని. నామోషీ ఏమీ లేదు. స్నేహితులు చీరలు మార్చుకుని కట్టుకోండి. ఒక్క సాయంత్రం కోసం క్రెడిట్ కార్డు మీద మగ్గం వర్క్ బ్లౌజులు, బ్రాండెడ్ బ్యాగులు మాత్రం కొనకండి, ఆ చూసినవాళ్ళెవరూ మీ వడ్డీ కట్టరు.

భద్రత సంగతి వేరు, దాన్ని నిజంగా పట్టించుకోండి. 2022లో కాలిఫోర్నియాలోని శాంతాక్లారా కౌంటీలో చీరకట్టు, బొట్టు చూసి హిందూ మహిళల మెడల్లో గొలుసులు లాగేశాడని ఒకడి మీద హేట్ క్రైమ్ కేసు పెట్టారు. ఇది చెప్తున్నది చీర మానేయమని కాదు. అప్పుడు కూడా "అంత బంగారం వేసుకుని రోడ్డు మీదికి ఎందుకెళ్ళారు" అన్నవాళ్ళున్నారు, అది నాకు దొంగతనమంత బాధ అనిపించింది, తప్పు లాక్కున్నవాడిది. మీరు చేయగలిగింది, పెద్ద నగలు బ్యాంకు లాకర్లో పెట్టడం, ప్రయాణం ఫోటోలు ఇంటికి తిరిగొచ్చాకే పోస్టు చేయడం, ఇన్సూరెన్స్ కాగితాలు ఒకసారి చదవడం. చాలా ఇంటి పాలసీలు నగలు దొంగతనమైతే 1,500 డాలర్ల దగ్గరే ఆపేస్తాయి. ఎక్కువ కావాలంటే ఆ నగల విలువ కట్టించి విడిగా చేర్పించాలి.

"ఎంతకి కొన్నావ్?" అని అడిగితే ధర చెప్పాల్సిన పని లేదు. "నచ్చిందా అండీ, థాంక్స్" అని నవ్వి మాట మార్చేయండి, రెండోసారి ఎవరూ అడగరు. వంటింట్లో ఇంకొకరి బట్టల మీద మాటలు మొదలైతే అందులో కలవకండి, "ఆ రంగు తనకి బాగుంది" అని ఒక్కమాట గట్టిగా అనండి. పక్కగదిలో మన ఆడపిల్లలు అంతా వింటుంటారు.

భర్తలకూ ఒక మాట. వీడియో కాల్‌లో మీ అమ్మగారు "కోడలి మెడ బోసిగా ఉందేంరా, నల్లపూసలు ఏవి?" అని అడిగితే, ఫోన్ ఆమె చేతికిచ్చి పక్కకెళ్ళకండి. "తనకి ఇలాగే హాయిగా ఉందమ్మా, నాకూ బాగానే ఉంది" అని మీరే చెప్పండి.