కర్నూలు మున్సిపల్ హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ స్కూల్ అసిస్టెంట్ (ఎస్ఏ) పోస్టింగ్ వచ్చింది, బీఈడీలో నేర్చుకున్నది సరిపోతుందా? అన్న ప్రశ్నకి జవాబు

మేడం, మీరడిగింది రెండు విషయాలు. టౌన్ స్కూల్లో అరవై మంది ఉన్న సెక్షన్‌కి బీఈడీ ట్రైనింగ్ సరిపోతుందా అని ఒకటి, మీ ఫ్రెండ్ చెప్పినట్టు మానేసి కార్పొరేట్ స్కూల్‌కి పోవడం మేలా అని ఇంకొకటి. నేను కర్నూలు ఆనుకుని ఉన్న జడ్పీ హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెప్తా, అంతకుముందు ఆస్పరి వైపు పల్లెలో చేశా, రెండు రకాల పిల్లల్నీ చూసినోణ్ణి కాబట్టి రాస్తున్నా.

మొదటిదానికి జవాబు, సరిపోదు. అందులో మీ లోపం ఏం లేదు, మనల్ని తీసుకునే పద్ధతే అట్ల ఉంది. డీఎస్సీలో, అంటే టీచర్ల ఎంపిక పరీక్షలో, 80 మార్కులకి 160 బిట్లు, టెట్ (టీచర్ అర్హత పరీక్ష) వెయిటేజీ 20, అంతే. ఇంటర్వ్యూ లేదు, డెమో లేదు. డీఎస్సీ కోచింగ్‌లకి పేరున్న అవనిగడ్డ పోయి రూములో కూర్చుని బిట్లు బట్టీ కొట్టినోళ్ళకీ, పిల్లల ముందు ప్రయోగం చేసి చూపించగలిగినోళ్ళకీ అక్కడ తేడా తెలీదు. 2025 మెగా డీఎస్సీలో 16,347 పోస్టులన్నారు, మంచిదే, ఏళ్ళ తరబడి ఖాళీగా ఉన్న బళ్ళకి సార్లు వచ్చారు, కానీ సెలెక్ట్ అయినోళ్ళలో ఎంతమంది ఒక్కసారైనా సొంతంగా టెస్ట్ ట్యూబ్ వేడి చేసుంటారో నాకైతే అనుమానమే. బీఈడీ 2015 నుంచి రెండేళ్ళు చేశారు, ఇంటర్న్‌షిప్ కూడా పెంచారు, కాగితం మీద బాగానే ఉంది. చాలా కాలేజీల్లో జరిగేది మీకూ తెలుసు, లెసన్ ప్లాన్ రికార్డులు రాయించుకోవడం, సంతకాలు. ఈత గురించి పుస్తకం చదివించి కేసీ కాలవలోకి తోసినట్టు.

దీనికి తోడు మీది మున్సిపల్ మేనేజ్‌మెంట్. జడ్పీలో అయితే కొత్తోళ్ళకి ఎక్కువగా కోసిగి, హొళగుంద, కౌతాళం అట్లాంటి చోట్లే వస్తాయి, టౌన్ పక్కన ఉన్నవన్నీ సర్వీసు పాయింట్లు ఉన్న సీనియర్లు ట్రాన్స్‌ఫర్లలో పట్టేస్తారు (నేనూ అట్లనే వచ్చా, దాచేదేముంది). మీకు ఆ మెట్లు లేవు, మొదటిరోజు నుంచే టౌన్.

టౌన్ పిల్లల్లో ఏముందంటే ఒకే బెంచీలో మూడు రకాలు కూర్చునుంటారు. ఒకడు పొద్దున ట్యూషన్లో ఆ పాఠం అయిపోగొట్టుకుని వచ్చుంటాడు, ఒకడు ఇంట్లో ఉర్దూ మాట్లాడి ఇక్కడ ఒక పేజీ ఇంగ్లీషు ఎదురు పేజీ తెలుగు ఉన్న బుక్కుతో కుస్తీ పడుతుంటాడు, ఇంకొకడు సాయంత్రం మెకానిక్ షాపులో పని చేసి వస్తాడు. ఈ మూడోవాడిని జాగ్రత్తగా పట్టుకోండి. టెన్త్ ఎలక్ట్రిసిటీ పాఠంలో బ్యాటరీ, బల్బు, రెండు వైర్లు పెట్టి సర్క్యూట్ చూపిస్తుంటే ఆటో ఎలక్ట్రికల్ షాపులో పనిచేసే పిల్లోడు లేచి "సార్, బండిలో హెడ్‌లైట్‌కి ఒక్క వైరే కదా పోతాది, ఇక్కడ రెండెందుకు?" అన్నాడు. ఏ మెథడాలజీ బుక్కులో ఉంది ఈ ప్రశ్న? బండి బాడీ ఇనుము కదా, కరెంటు తిరిగొచ్చే దారి అదే, బ్యాటరీ నెగటివ్‌ని బాడీకి కలిపేస్తారు, షాపులో వాళ్ళు "ఎర్త్" అనేది దాన్నే. సర్క్యూట్ పూర్తవ్వాలి అన్న మాట నేను బోర్డు మీద ఎన్నిసార్లు రాసినా ఎక్కనిది ఆ రోజు క్లాసు మొత్తానికి ఎక్కింది. తర్వాత వాడితోనే సిరీస్, ప్యారలల్ కనెక్షన్లు ఇప్పించా, నాకంటే నీట్‌గా తీగలు చుట్టాడు.

ఇంక ప్రిపరేషన్ అంటారా, గైడ్లు కొనకండి. చేరిన వారంలోనే ల్యాబ్ బీరువా తాళం అడగండి. తాళం ఎవరి దగ్గరుందో తెలుసుకోవడానికే ఒకరోజు పడుతుంది, కానీ తెరవండి. లేబుల్ ఊడిపోయిన సీసా ఏదున్నా వాసన చూసి కనిపెడదాం అనుకోకండి, పక్కన పెట్టేసి హెచ్ఎంకి చెప్పండి. మెగ్నీషియం రిబ్బన్ నల్లబడి ఉంటుంది, సాండ్ పేపర్‌తో రుద్దకుండా అంటిస్తే సరిగ్గా అంటుకోదు, పిల్లలేమో మేడంకి రాదనుకుంటారు. లెడ్ నైట్రేట్ వేడి చేసే యాక్టివిటీ గాలి ఆడని రూములో అస్సలు వద్దు, ఆ గోధుమరంగు వాయువు మంచిది కాదు, ఆ ఒక్కటి మీ క్లాసులోని డిజిటల్ ప్యానెల్ మీద వీడియో చూపించండి చాలు. యాసిడ్ పలుచన చేసేటప్పుడు నీళ్ళలోకి యాసిడ్ కొంచెం కొంచెంగా, అటుది ఇటు చేయొద్దు. చున్నీ, జడ కట్టేసుకోమని ఆడపిల్లలకి ముందే చెప్పండి.

సామాను లేదని ఆగాల్సిన పనీ లేదు. మన బేతంచెర్ల బండలున్నాయి కదా, ఇక్కడ చాలా ఇళ్ళలో కింద పరిచేవి అవే. అవి సున్నపురాయే. పాలిష్ యూనిట్ దగ్గర పారేసిన చిన్న ముక్కలు తెచ్చి పలుచని హైడ్రోక్లోరిక్ యాసిడ్ వేస్తే బుసబుస నురగ వస్తుంది. బీడా కొట్టులో సున్నం అడిగి నీళ్ళలో కలిపి రాత్రంతా తేరనిచ్చి పైన తేట వంచుకుంటే అదే సున్నపుతేట, ఆ వాయువుని ట్యూబుతో అందులోకి పంపితే తెల్లగా మారుతుంది, కార్బన్ డయాక్సైడ్ అని రుజువైపోయింది. మా దగ్గర ఒక పాప "అందుకేనా సార్ నిమ్మకాయ రసం పడితే మా బండ మీద మచ్చ పోదు" అంది. నేను చెప్పాల్సిన పాఠం ఆ అమ్మాయే చెప్పేసింది.

సపోర్ట్ సంగతి. ఇండక్షన్ ట్రైనింగ్ ఇస్తారు, పీపీటీలు చూపిస్తారు, పోండి, సంతకం పెట్టండి, దాని మీద ఆశలు మాత్రం పెట్టుకోకండి. కొత్త టీచర్‌కి కావాల్సింది తన క్లాసులో వెనక బెంచీలో కూర్చుని చూసి బయటికొచ్చాక "ఆ ప్రశ్న అడిగి నువ్వే జవాబు చెప్పేశావమ్మా, పిల్లల్ని చెప్పనీ" అనే మనిషి ఒకరు. డిపార్ట్‌మెంట్ ఆ మనిషిని ఇవ్వదు, మీరే వెతుక్కోవాలి. కాంప్లెక్స్ మీటింగుల్లో (చుట్టుపక్కల స్కూళ్ళ టీచర్లు కలిసేవి) టీ తాగుతూ ఎవరు ప్రయోగాల గురించి మాట్లాడుతున్నారో, ఎవరు డీఏ ఎరియర్ల గురించే మాట్లాడుతున్నారో గమనించండి (ఎరియర్ల బాధ నాకూ ఉందిలెండి, అది వేరే), మొదటి రకం సార్‌నో మేడంనో పట్టుకుని నా క్లాసుకి ఒకసారి రండి అని అడగండి. నాకు పల్లెలో అట్ల ఒక బయాలజీ మేడం దొరికింది, మా సబ్జెక్టు కూడా కాదు ఆమెది, అయినా నేను పాఠం చెప్పడం నేర్చుకున్నది ఆమె దగ్గరే.

హెచ్ఎంని ఒకటే అడగండి, వారంలో ఒకరోజు వరసగా రెండు పీరియడ్లు. ఒక్క పీరియడ్‌లో అరవై మందిని ల్యాబ్‌కి తీసుకుపోయి తీసుకురావడానికే టైం అయిపోతుంది. సైన్స్ వాళ్ళకి కంప్యూటర్ వచ్చు కదా అని యాప్‌లు, ఫొటోల అప్‌లోడ్లు, ప్యానెల్ రిపేర్లు అన్నీ మీ మీద వేసే ప్రయత్నం జరుగుతుంది, ఒకటి తీసుకోండి, రెండోది వచ్చినప్పుడు నవ్వుతూనే కాదనండి. మొదటి ఏడాది కాదనకపోతే ఇంక ఎప్పటికీ అనలేరు.

కార్పొరేట్ సంగతి మీ ఫ్రెండ్‌కే వదిలేయండి. అక్కడ మొదట్లో జీతం కొంచెం ఎక్కువ చెప్పొచ్చు, పొద్దున స్టడీ అవర్, సాయంత్రం స్టడీ అవర్, అడ్మిషన్ల సీజన్లో ఇంటింటికీ తిరగడం, ప్రయోగం అనే మాట పెద్దగా వినపడదు. డీఎస్సీ కొట్టి వచ్చి అటు పోతానంటే నేను ఒప్పుకోను.

ఇంకొకటి, ఇన్‌స్పైర్ మానక్‌కి (పిల్లల సైన్స్ ఐడియాలకి కేంద్రం ఇచ్చే అవార్డు) స్కూల్ నుంచి 5 ఐడియాలు పంపొచ్చు, సెలెక్ట్ అయితే పిల్లల ఖాతాలో 10,000 రూపాయలు పడతాయి. చివరి రోజుదాకా ఆగి అన్ని స్కూళ్ళూ అవే డ్రిప్ ఇరిగేషన్ మోడళ్ళు పంపుతుంటారు, మీ మెకానిక్ షాపు పిల్లోళ్ళని అడగండి, ఐడియాలు వాళ్ళ దగ్గరున్నాయి. చాలామందికి బ్యాంకు ఖాతా ఉండదు, ఉన్నా ఆధార్‌లో పేరు ఒక రకం, పాస్‌బుక్కులో ఇంకో రకం ఉంటుంది, ఆ పని మాత్రం ఇప్పుడే మొదలుపెట్టించండి.