హోం సంగతి తర్వాత, ముందు గార్డియన్ కాగితం చూసుకోండి

"మాది ఏలూరు. మా తమ్ముడికి 26 ఏళ్ళు, మేధో వైకల్యం ఉంది. అమ్మానాన్నలకు ఓపిక తగ్గిపోతోంది. మంచి హోం ఎక్కడుంది? ప్రభుత్వం నుంచి ఏం సాయం వస్తుంది?" అని అడిగారు. నాకూ అలాంటి తమ్ముడే ఉన్నాడు, మీవాడికంటే పెద్ద. నాన్న పోయినప్పటి నుంచి నా దగ్గరే ఉంటున్నాడు.

సాయం సంగతి త్వరగా చెప్పేస్తాను. వైకల్యం ఎంత శాతమో డాక్టర్లు రాసిచ్చే సదరం సర్టిఫికెట్, వైకల్యం ఉన్నవాళ్ళకిచ్చే యూడీఐడీ గుర్తింపు కార్డు లేకపోతే ఏ పనీ కాదు, కాబట్టి ముందు అవి. వైకల్యం 40 శాతం, ఆపైన అని రాస్తే పింఛనుకు పెట్టుకోవచ్చు. మీ వైపు నెలకు 6,000, మా తెలంగాణలో 4,016. రైల్లో స్లీపర్‌కీ థర్డ్ ఏసీకీ 75 శాతం రాయితీ ఉంది, తోడు వెళ్ళేవాళ్ళకు కూడా. ఇక నేషనల్ ట్రస్ట్ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఇచ్చే నిరామయ అని ఒక ఆరోగ్య బీమా. ఏడాదికి లక్ష దాకా ఇస్తారు, అందులో థెరపీ ఖర్చులూ వస్తాయి, వయసుతో పని లేదు, ముందస్తు వైద్య పరీక్షలూ ఉండవు. ఇంత మంచి పథకం పేరు కూడా చాలామంది తల్లిదండ్రులకు తెలియదు, చెప్పేవాళ్ళు ఉంటే కదా!

సదరం అంటే గుర్తొచ్చింది. మావాడికి మొదట తాత్కాలిక సర్టిఫికెట్ ఇచ్చారు. గడువు అయ్యాక మళ్ళీ స్లాటు, మళ్ళీ క్యూ, మళ్ళీ అవే బొమ్మలు చూపించి అవే ప్రశ్నలు. ముప్పై దాటినవాడికి ఈ మధ్యలో ఏం మారుతుందని? మీరు పర్మనెంట్ అని రాసేదాకా అక్కడి నుంచి కదలకండి.

ఇప్పుడు అసలు విషయం. మీవాడికి 18 నిండాయి. చట్టం లెక్కలో అతను పెద్దవాడు, కన్నవాళ్ళైనా అతని తరఫున సంతకం పెట్టడానికి లేదు. ఇది మాకు బ్యాంకులో తెలిసింది. నాన్న రైల్వేలో చేశారు, అమ్మ ముందే పోయింది. ఫ్యామిలీ పింఛను తమ్ముడికి రావాలి, నాన్న కాగితాల్లో వాడి పేరు కూడా రాయించి పెట్టారు. తీరా వెళ్తే మేనేజరు, "సంతకం రాదు, వేలిముద్ర వేయిస్తే రేపు ఎవరైనా అడిగితే నా ఉద్యోగం పోతుంది, కోర్టు ఆర్డర్ తెండి" అన్నాడు. కోర్టు అక్కర్లేదు. మేధో వైకల్యం లాంటివి ఉన్నవాళ్ళ కోసం చేసిన 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద జిల్లాలో లోకల్ లెవెల్ కమిటీ ఉంటుంది, కలెక్టరే దానికి పెద్ద. అది ఇచ్చే గార్డియన్ సర్టిఫికెట్ చూసి ఖాతా తెరవొచ్చని రిజర్వు బ్యాంకు 2007లోనే చెప్పింది. ఆ సర్క్యులర్ ప్రింటు తీసి ఆయన టేబుల్ మీద పెడితే అద్దాలు సవరించుకుని రెండుసార్లు చదివాడు. సరే, ఆ సర్టిఫికెట్టే పట్టుకురమ్మన్నాడు.

కలెక్టరేట్‌లో గుమస్తా ఇంకో మెలిక పెట్టాడు. "పెళ్ళయిన ఆడపిల్ల గార్డియన్ ఎట్లయితది? మీ బాబాయిలు లేరా?" అని. ఉన్నారు, ఇద్దరు. నాన్న పెద్దకర్మ భోజనాలప్పుడు కనపడ్డారు, మళ్ళీ లేరు. తోబుట్టువులు దరఖాస్తు చేసుకోవచ్చని చట్టంలోనే ఉంది, అక్కకు పెళ్ళి కాకూడదని ఎక్కడా లేదు. అదే చెప్పాను, కొంచెం గట్టిగానే.

కమిటీ పిలిచిన రోజు పొద్దుటి నుంచి బెంచీ మీద కూర్చోబెట్టారు. మావాడు వచ్చేపోయే ప్రతి ఒక్కరినీ "చాయ్ తాగినవా?" అని పలకరిస్తూ కూర్చున్నాడు. లోపలికి పిలిచాక అందరూ నన్నే అడుగుతున్నారు, ఆస్తులేమిటి, మీ ఆయన ఏం చేస్తారు అని. ఆ కమిటీలో వైకల్యం ఉన్న వ్యక్తి ఒకరు తప్పనిసరిగా ఉండాలి. అక్కడ చంక కర్రలతో వచ్చిన ఒకాయన ఉన్నారు. ఆయనొక్కరే మావాడి వైపు తిరిగి, "అక్క దగ్గర ఉంటవా?" అని అడిగారు. వాడు కాసేపు ఆలోచించి, "అక్క కూరల ఉప్పెక్కువేస్తది. బావ దగ్గర ఉంట" అన్నాడు. గది గదంతా నవ్వు. మా ఆయన బయట స్కూటర్ దగ్గర ఉన్నారు, ఆయన్నీ పిలిపించారు. గార్డియన్‌గా నా పేరే రాశారనుకోండి, కానీ ఇంట్లో ఇప్పటికీ కూర రుచి చూసి ఉప్పు చెప్పేది వాడే.

సర్టిఫికెట్ చేతికొచ్చాక ఆరు నెలల్లో తమ్ముడి ఆస్తుల వివరం కమిటీకి ఇవ్వాలి. ఏటా ఆర్థిక సంవత్సరం ముగిసిన మూడు నెలల్లో జమాఖర్చులు చూపించాలి. ఒక నోట్‌బుక్ పెట్టుకోండి, చాలు.

హోం అడిగారు కదా. నేషనల్ ట్రస్ట్ వాళ్ళ పథకాల్లో ఘరౌందా అని, 18 దాటిన ఇలాంటివాళ్ళు ఉండే హోంల కోసం ఉంది, ఇప్పుడు దాన్ని సమర్థ్ అనే పథకంతో కలిపారు. దాని కింద నమోదైన సంస్థ మీకు దగ్గర్లో ఉందేమో చూడండి. ప్రైవేటువి చూడబోతే చెప్పకుండా మధ్యాహ్నం భోజనం వేళకు వెళ్ళండి, ఆఫీసు గది కాదు, బాత్రూములు చూపించమనండి. డిపాజిట్ మాట ముందెత్తితే వెనక్కి వచ్చేయండి.

నన్నడిగితే 26 ఏళ్ళవాడికి హోం కన్నా పగలు చేయడానికి ఒక పని కావాలి. మన దగ్గర ఉన్నవి చాలావరకు పిల్లలకే. మండలాల్లో భవిత కేంద్రాలు బడి వయసు వరకే, ఆ తర్వాత టీవీ ముందు కూర్చోవడమే. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో మేధో వైకల్యం ఉన్నవాళ్ళ కోసం 1984 నుంచి ఉన్న జాతీయ సంస్థ, ఎన్ఐఈపీఐడీకి ఒకసారి తీసుకెళ్ళండి. ఏ పనులు చేయగలడో చూసి చెప్తారు. మావాడు ఇప్పుడు పక్క వీధి కిరాణా కొట్టులో పప్పులు ప్యాక్ చేస్తున్నాడు. వాడికి టెన్షన్ తగ్గింది, నాకు బీపీ తగ్గింది.

మీ ఇంట్లో ఇంకా అమ్మానాన్నలు ఉన్నారు కాబట్టి గార్డియన్ దరఖాస్తు వాళ్ళ చేతే పెట్టించండి, అది సులువు. వాళ్ళ తర్వాత మీ పేరుకు మార్చాలంటే ఏం చేయాలో కూడా అప్పుడే అడిగి రాయించుకోండి. అన్నట్టు, కమిటీ పిలిచిన రోజు తమ్ముడికి ఇంట్లోనే కడుపు నిండా పెట్టి తీసుకెళ్ళండి, కలెక్టరేట్ క్యాంటీన్లో పన్నెండింటికే ఇడ్లీలు అయిపోతాయి.