అమ్మలూ, ఒరిజినల్స్ మాత్రం ఎవరి చేతికీ ఇవ్వకు

బరంపురం

అమ్మలూ,

నువ్వు మెడికల్ కోడింగ్, అదే రోగుల జబ్బులకీ చికిత్సలకీ కోడ్లు వేసే పని, నేర్చుకోడానికి విశాఖ వెళ్తున్నావని మీ అమ్మ రాత్రి ఫోన్ చేసి చెప్పింది. పర్లాకిమిడిలో పుట్టి, బళ్ళో ఒడియా, ఇంట్లో తెలుగు నేర్చిన పిల్ల అమెరికా ఆసుపత్రుల కాగితాలు చదివి జీతం తెచ్చుకుంటుందంటే నాకెంత గర్వమో చెప్పలేను. భయం కూడా అంతే ఉంది.

ప్లస్ త్రీ (డిగ్రీ) మార్కుల లిస్టులు, ఆధార్ జిరాక్సులు తీయించి పెట్టుకో. హాస్టల్లో డబ్బు కట్టే ముందు నీళ్ళొస్తున్నాయో లేదో చూసుకో.

మీ చిన్నాన్న సంగతి నీకు తెలీదు, ఇంట్లో ఎవరూ ఎత్తరు గనక. డిగ్రీ అవగానే వాడొక ట్రైనింగ్ సెంటర్లో చేరాడు. ఉద్యోగం గ్యారంటీ అన్నారు. ఫీజులో సగం కట్టించుకుని, వెరిఫికేషన్ అని ఒరిజినల్స్ అన్నీ తీసుకున్నారు. బాండు పేపరు ముందు పెడితే, వెనకాల లైన్లో పిల్లలు ఉన్నారని చదవకుండా సంతకం పెట్టేశాడు. రెండో పేజీలో ఏముందంటే, వాళ్ళు చూపించిన ఉద్యోగంలో కాక ఇంకెక్కడ చేరినా మిగతా ఫీజు, దాని మీద జరిమానా కట్టాకే సర్టిఫికెట్లు ఇస్తారట. కోర్సయింది, వాళ్ళు ఉద్యోగం చూపించలేదు. ఈలోగా హైదరాబాదులో ఒక కంపెనీ వాణ్ణి తీసుకుంటామని ఒరిజినల్స్ తెమ్మంది. డూప్లికేట్లు తీయిద్దామంటే అవి పోయాయని రాసివ్వాలి. పోలేదు కదా, అబద్ధం రాయనివ్వనన్నారు మీ తాతయ్య. చివరికి ఆయనే గుణుపూర్ పాసింజరెక్కి వెళ్ళి, అప్పు చేసిన డబ్బు కట్టి కవరు విడిపించుకొచ్చేసరికి ఆ ఉద్యోగంలో ఇంకొకరు చేరిపోయారు. మీ చిన్నాన్న తెలివితక్కువవాడు కాదమ్మా. ఊరు కొత్త, ఎదురుగా టై కట్టుకున్న మనిషి, అడిగితే సీటు పోతుందేమోనని జంకు. నీకూ ఆ జంకు వస్తుంది. వచ్చినా సరే, అడుగు. జిరాక్స్ ఇచ్చి, ఒరిజినల్ వాళ్ళ కళ్ళ ముందే చూపించి, మళ్ళీ సంచిలో పెట్టుకో.

ఇక పని. నేను వార్డులో నర్సుగా చేసి చివర్లో రికార్డు సెక్షన్లో ఉన్నదాన్ని. కొన్ని సంగతులు చెన్నైలో ఆడిటర్‌గా, అంటే కోడర్లు వేసిన కోడ్లు సరిచూసే పనిలో ఉన్న మా సిస్టర్ కూతుర్ని అడిగి రాస్తున్నాను. కోడ్లు బట్టీ పట్టకు. కోడర్లు సర్టిఫికెట్ కోసం రాసే సీపీసీ పరీక్షలోకి కోడ్ పుస్తకాలు తీసుకెళ్ళనిస్తారు. 100 ప్రశ్నలు, 4 గంటలు, 70 శాతం వస్తే పాసు. బుర్రలో ఉండాల్సింది అనాటమీ. ఆ తర్వాత, డాక్టరు రాసిందే చదివే అలవాటు. ఒక చార్టు తీసుకో: ఓపీలో దగ్గు, జ్వరంతో వచ్చిన మనిషి, డాక్టరు 'సస్పెక్టెడ్ నిమోనియా' అని రాశారు. కొత్తవాళ్ళు గబుక్కున నిమోనియా కోడ్ వేసేస్తారు. తప్పు. ఓపీలో అనుమానానికి కోడ్ వెయ్యకూడదు, దగ్గుకీ జ్వరానికీ వెయ్యాలి. అదే మనిషి అడ్మిట్ అయి, డిశ్చార్జి నాటికి కూడా డాక్టరు 'ప్రాబబుల్' అనే రాస్తే, అప్పుడు నిమోనియాకే వెయ్యాలి. లక్షణాలు చూసి నువ్వు జబ్బు తేల్చకు. రాయనిది నీకు తెలిసినా తెలియనట్టే.

ఇంగ్లీషు మాట్లాడ్డంలో తడబడతావని దిగులుపడకు, ఇక్కడ ముఖ్యం చదవడం.

పాసైనా మొదట సీపీసీ పక్కన 'ఏ' తగిలిస్తారు, అప్రెంటిస్ అని. అనుభవం వచ్చాక తీసేస్తారు. అది చూసి చిన్నబుచ్చుకోకు. ఏటా అక్టోబరు 1న ఐసీడీ (జబ్బుల కోడ్లు), జనవరి 1న సీపీటీ (చికిత్సల కోడ్లు) మారతాయి, కాబట్టి ఉద్యోగం వచ్చాక కూడా పుస్తకం మూయకూడదు. ఒక స్పెషాలిటీలో గట్టిపడ్డాక ఆడిటర్‌గానో ట్రైనర్‌గానో వెళ్ళొచ్చు. ఇన్‌పేషెంట్, అంటే అడ్మిట్ అయినవాళ్ళ చార్టుల మీద ఇష్టముంటే సీసీఎస్ అనే ఇంకో పరీక్ష రాయొచ్చు. మొదటి ఏడాదే జీతం చూసి కంపెనీలు మారకు. తప్పు ఎక్కడ చేశావో కూర్చోబెట్టి చూపించే ఆడిటర్ దొరికిన చోట ఉండు. రోజంతా స్క్రీనే కదా, కళ్ళకి కాసేపు విశ్రాంతి ఇవ్వు. అన్నం మానకు, నువ్వు మానేస్తావని నాకు తెలుసు.

సంతకం పెట్టే ముందు బాండులో ప్రతి పేజీ ఫోటో తీసి నాకు వాట్సాప్ చెయ్యి. రాత్రి ఎంతైనా సరే, చదివి చెప్తాను. ఫీజుకి తక్కువైతే మీ నాన్నని ఇబ్బంది పెట్టకు, నాకు పెన్షన్ వస్తోంది.

మీ పెద్దమ్మ