బదిలీ అయ్యాక ఆ ఊళ్లో ఏం మిగలాలి

నాయనా, ఆశీస్సులు.

జిల్లా పరిషత్ హైస్కూల్లో పీఈటీగా చేరుతున్నావని, ఆడపిల్లల కబడ్డీ జట్టు తయారు చేస్తావని తెలిసింది. జట్టు కంటే ముందు గ్రౌండ్ సంగతి చూడు. బడి స్థలంలో ఓ మూల ఖాళీగా కనిపిస్తే చాలు, వాటర్ ట్యాంకో గోడౌనో వచ్చి కూర్చుంటుంది. హెడ్మాస్టరు చేత అర్జీ పెట్టించి సర్వేయరుతో కొలిపించు. ఎఫ్‌ఎంబీ (స్థలం కొలతలు, హద్దులు చూపే సర్వే పటం) నకలు ఫ్రేము కట్టించి ఆఫీసు గదిలో పెట్టించు, హద్దురాళ్లు పాతించు.

అమ్మాయిల కోర్టు 12 మీటర్ల పొడవు, 8 మీటర్ల వెడల్పు. రెండు పక్కలా ఉండే పట్టీలు, అంటే లాబీలు, ఆ 8 మీటర్లలోనే రావాలి, బయట గీయకూడదు. నడిగీత నుంచి 3 మీటర్లకు బాక్ లైను (కూతకెళ్లిన పిల్ల దాటి తీరాల్సిన గీత), దానికి మీటరు అవతల బోనస్ లైను (అదనపు పాయింటు గీత). జానెడు లోతు తవ్వి, రాళ్లూ గాజుపెంకులూ ఏరేసి, జల్లెడ పట్టిన ఎర్రమట్టిలో ఇసుక కలిపి నింపు. ఇసుక ఎక్కువైతే పాదం జారుతుంది, తక్కువైతే ఎండకు బిగిసి మోకాళ్లు చెక్కుకుపోతాయి. ముందురోజు సాయంత్రం నీళ్లు చల్లితే తెల్లారేసరికి పదునుగా ఉంటుంది.

మొదటి నెల పట్లు నేర్పకు, పడటం నేర్పు. చేతులు చాచి పడితే మణికట్టుకు దెబ్బ. భుజం మీదుగా దొర్లాలి. ఆ తర్వాత కార్నర్లకు, అంటే వరుస రెండు చివర్లా నిలబడి పట్టేవాళ్లకు, తర్ఫీదు ఇవ్వు. పాయింట్లు ఎక్కువగా పోయేది అక్కడి పిల్ల తొందరపడి దూకడం వల్లే. రైడరు (కూతకొచ్చిన పిల్ల) బరువు ముందుకాలి మీద పడ్డాకే చీలమండ అందుకోవాలి. రైడు, అంటే ఒక్కో కూత, 30 సెకన్లే కాబట్టి ప్రాక్టీసులో 20వ సెకనుకు విజిల్ వెయ్యి, వెనక్కి తిరిగే లెక్క ఒంటికి పడుతుంది. ఎదుటి జట్టులో ఆరుగురైనా కోర్టులో ఉంటేనే బోనస్ పాయింటు. ఆ సంగతి మరిచి పరిగెత్తే పిల్లలకు రైడుకు ముందు పైకి లెక్కపెట్టే అలవాటు చెయ్యి.

చీలమండ మెలిపడితే నూనె రాసి లాగనివ్వకు, ఊళ్లో ఎంత పెద్దమనిషి చెప్పినా సరే. గుడ్డలో చుట్టిన ఐసు 15-20 నిమిషాలు పెట్టి కాలు ఎత్తులో ఉంచు. కాలు మోపలేకపోతే ఎక్స్‌రే తీయించాల్సిందే.

అడ్మిషన్ రిజిస్టరులోనూ ఆధార్‌లోనూ పుట్టినతేదీ ఒకటేనా అని బడి తెరిచిన వారంలోనే చూడు. పోటీల పొద్దున తేడా బయటపడితే చేసేదేం లేదు. గెలిచిన సర్టిఫికెట్ల నంబర్లు, తేదీలు, స్థానాలు బడి రిజిస్టరులో ఎక్కించు. సొంత డైరీలో రాసుకుంటే అది నీతోపాటే బదిలీ అవుతుంది, ఉద్యోగాల కోటాకు తిరిగే పిల్లకు ఆధారం దొరకదు.

పొరుగూరి పోటీలకు వెళ్లేటప్పుడు వెంట టీచరమ్మ ఉండాలి. తిరిగొచ్చే టైము తల్లులకు ముందే చెప్పు, ఆ టైముకే చేర్చు. ఒక్కసారి మాట తప్పితే మరుసటేడు ఆ వీధి నుంచి పిల్ల రాదు.

నువ్వు బదిలీ అయ్యాకా జట్టు మిగలాలంటే, తొమ్మిదో తరగతి పిల్లలే ఏడో తరగతి వాళ్లకు నేర్పేలా చూడు. టేపు, విజిల్, గది తాళం ఎక్కడుంటాయో వాళ్లకు తెలియాలి. అప్పుడప్పుడు సెలవు పెట్టి, ఆ రోజు ప్రాక్టీసు జరిగిందో లేదో మర్నాడు కనుక్కో.

అన్నట్టు, గీతలకు ముగ్గుపిండే వాడు. సున్నం కళ్లలో పడితే ప్రమాదం.