కుక్క మందు పిల్లికి ఒక్క చుక్క కూడా వద్దు

ప్రశ్న: పొలం దగ్గర మాకు ఒక కుక్క, ఒక పిల్లి ఉన్నాయి. కుక్కకు పిడుదులు, గెంతే నల్ల పురుగులు పడితే షాపులో ఇచ్చిన ట్యూబ్ మందు మెడ మీద వేశాం. బాగా తగ్గింది. సగం మిగిలింది. ఇప్పుడు పిల్లి కూడా ఒకటే గోక్కుంటోంది. చిన్న ప్రాణం కదా, కొంచెం తగ్గించి వేయొచ్చా? విత్తనం వడ్ల బస్తాలకు ఎలుకల బెడద లేకుండా చూసేది అదే.
– ఒక రైతు, ఇందుకూరుపేట మండలం, నెల్లూరు జిల్లా

జవాబు: వేయకండి. ముందే అడిగి మంచి పని చేశారు. చాలామంది పిల్లి కొట్టుకుంటున్నప్పుడు ఫోన్ చేస్తారు.

ట్యూబ్ మీద చిన్న అక్షరాల్లో పెర్మెత్రిన్ అని ఉందేమో చూడండి. కుక్కల మెడ మీద వేసే కొన్ని మందుల్లో సగం దాకా అదే ఉంటుంది. కుక్క కాలేయం దాన్ని విరిచి బయటికి పంపేస్తుంది. పిల్లి కాలేయంలో ఆ పని చేసే ఎంజైమ్ చాలా తక్కువ. అందుకే మందు ఒంట్లోనే ఉండిపోయి నరాల మీద పడుతుంది. బరువును బట్టి డోసు తగ్గించుకుంటే సరిపోయే వ్యవహారం కాదిది. ఫిప్రోనిల్ (పిల్లులకూ వాడే ఇంకో పురుగుల మందు) అని కనబడింది కదా అని కూడా ధైర్యపడొద్దు, కుక్కల మందుల్లో ఆ రెండూ కలిపినవి ఉన్నాయి. గేదెల పిడుదులకు నీళ్లలో కలిపి కొట్టే డెల్టామెత్రిన్, సైపర్మెత్రిన్ ఇదే జాతివి. అమిట్రాజ్ వేరే రకం, అదీ పిల్లికి పనికిరాదు.

మీరు పిల్లికి వేయకపోయినా ఇంకో దారిలో ప్రమాదం ఉంది. రెండూ ఒకే గోనెపట్టా మీద పడుకుంటే, పిల్లి కుక్కను నాకితే మందు దాని నోట్లోకి పోతుంది. కుక్కకు వేసిన రోజు నుంచి కనీసం మూడు రోజులు రెండింటినీ విడిగా ఉంచండి.

మందు తగిలితే కొన్ని గంటల్లోనే, ఒక్కోసారి మర్నాటికి తేడా తెలుస్తుంది. మొదట చెవులు అదురుతాయి, వీపు మీద చర్మం అలలా కదులుతుంది, పాదాలు విదిలిస్తుంది. తర్వాత చొంగ, వణుకు, తూలుడు, చివరికి ఫిట్స్. ఫిట్స్ లేకపోతే గోరువెచ్చని నీళ్లతో, గిన్నెలు తోమే లిక్విడ్‌తో మందు పడిన చోట కడిగి, తుడిచి, గుడ్డలో చుట్టండి. వేడినీళ్లు వద్దు, మందు చర్మంలోకి ఇంకా దిగుతుంది. చన్నీళ్లు పోస్తే ఒళ్లు చల్లబడి వణుకు పెరుగుతుంది. విరుగుడని నూనె, పాలు పట్టకండి, ఇది కొవ్వులో కరిగే మందు. వెంటనే ట్యూబ్‌తో సహా పశువైద్యశాలకు తీసుకెళ్లండి. దీనికి ప్రత్యేకమైన విరుగుడు లేదు. వణుకు, ఫిట్స్ ఆపే ఇంజెక్షన్లు, సెలైన్లతోనే కాపాడాలి. తొందరగా వస్తే చాలా పిల్లులు రెండు మూడు రోజుల్లో తేరుకుంటాయి.

మరి గోకుడు సంగతి? పిల్లులకని రాసి ఉన్న ఫిప్రోనిల్ గానీ, సెలామెక్టిన్ గానీ డాక్టరుకు బరువు చూపించి తీసుకోండి. పాలు తాగే కూనలుంటే మందు జోలికి పోకుండా సన్నపళ్ల దువ్వెనతో దువ్వి, పురుగులను సబ్బునీళ్లలో ముంచండి. నిజానికి ఒంటి మీద కనిపించేవి కొన్నే. గుడ్లు, పిల్ల పురుగులు ఆ గోనెపట్టాల్లో, నేల పగుళ్లలో ఉంటాయి. పట్టాలను మరిగే నీళ్లలో ఉతికి ఎండబెట్టండి, కొట్టం మూలమూలలా ఊడ్చి ఆ చెత్తను కాల్చేయండి.

మీ వైపు రొయ్యల గుంటలు ఎక్కువ కాబట్టి ఇంకొక్క మాట. పెర్మెత్రిన్ చేపలకు, రొయ్యలకు చాలా విషం. మందు వేసిన కుక్కను గుంటలోకి, కాలవలోకి దిగనివ్వకండి, మిగిలిన ట్యూబ్‌ను గట్టు మీద పారేయకండి.